లియొంతిన్ పేరు మీద బావి

క్రాయోవా,
2006 మే 9

సవేతా, నా తల్లీ,

ఈ ఉత్తరం నిలబడి చదవకు. కిటికీ దగ్గర కుర్చీ లాక్కుని కూచో. ఫోన్ చేసి చెప్పొచ్చు కదా అంటావు. మూడుసార్లు చేశాను. నువ్వు "ఆఁ వదినా, చెప్పు" అనగానే వాన పడిందా, చెర్రీలకు పురుగు పట్టిందా అని అడిగి పెట్టేశాను. నలభై తొమ్మిదేళ్ళు వచ్చాయి, సగం జిల్లా మట్టి నా గోళ్ళలో ఉంది, అయినా నీ గొంతు వినగానే నోరు పెగలడం లేదు. అందుకే కాగితం పట్టుకున్నాను.

అసలు మాట ముందే చెప్పేస్తాను. లియొంతిన్ బావి నీళ్ళు ఇక ఎవరూ తాగకూడదు. ఒక్క గుక్క కూడా. పశువులకు పెట్టకు, తోటకు పొయ్యకు. మూత తాళం ఇక తియ్యకు, చెవి నీ తలగుడ్డ అంచున కట్టుకో. ఎవరడిగినా గిలక విరిగిందని చెప్పు.

పోయిన వారం నేను మీ స్తుపారికి ఎందుకు వచ్చానో నీకు సరిగా చెప్పలేదు. పాత ట్రాక్టర్ స్టేషన్ స్థలం ఎవరో కొన్నారు, పాల కేంద్రం కడతారట. కట్టేముందు మట్టి పరీక్ష చేయించాలి కదా. అక్కడ ఒకప్పుడు భూమిలో మూడు డీజిల్ ట్యాంకులుండేవని, వాటిని తీసేశారని కాగితాల్లో ఉంది. "నీకు తెలిసిన ఊరే కదా ఒటిలియా" అని ఆఫీసులో నన్నే పంపారు. నాకు తెలిసిన ఊరే. ఆ ట్యాంకులు తీసిన గొయ్యి శుభ్రంగా ఉందని సంతకం చేసింది కూడా నేనే. ఆ సంగతి గుర్తుండే పంపారు, నేనే గుర్తు లేనట్టు నటించాను.

ఆరు బోర్లు వేశాను. మొదటి రెండూ గొయ్యి నడిమధ్య. పైన రెండు మీటర్లు ఏటి ఇసుక, ఏ పాపం ఎరగనట్టు తెల్లగా. ఆ కింద మీ ఊరి పసుపు మట్టి రావాలి. రాలేదు. బూడిద పచ్చ రంగులో జిగురు మట్టి వచ్చింది, వాసన ముక్కుపుటాలు కాల్చింది. మూడోది గొయ్యి అవతల, పల్లం వైపు వేశాను, అదే రంగు. నాలుగోది ఇంకా కిందికి. అదే. బోరు బోరుకీ పల్లంలోకి దిగుతున్నాను సవేతా, దిగుతున్నకొద్దీ ఎటు వెళ్తున్నానో తెలుస్తోంది. ఆరో బోరు దగ్గర నడుము ఎత్తి చూస్తే ఎదురుగా బావి మీది రేకు కప్పు, దాని మీద సిలువ, సిలువ మీద నా తమ్ముడి పేరు. ముప్ఫై అడుగులు కూడా లేదు.

అప్పుడే నీ దగ్గరికి వచ్చి తాళంచెవి అడిగాను. నువ్వు ఎందుకని అడగలేదు. మేకు మీంచి తీసి నా చేతిలో పెట్టి, లోపల పని ఉందని వెళ్ళిపోయావు. నేను మూత ఎత్తి సీసా వదిలి నీళ్ళు తోడాను. సీసా అంచుదాకా నింపాలి, మూత కింద గాలి ఉండకూడదు, లేకపోతే ఉన్నదంతా ఆ గాలిలోకి ఎగిరిపోతుంది. ఇరవై నాలుగేళ్ళుగా చేస్తున్న పని అది. ఆ రోజు మూత బిగించడానికి నాలుగుసార్లు పట్టింది. నీళ్ళ మీద ఇంద్రధనుస్సు రంగులు తేలుతున్నాయి. ల్యాబు అక్కర్లేదు, ముక్కు చాలు.

ఏడేళ్ళుగా బావి పక్కన బల్ల మీద నీ రెండు బకెట్లు, వాటి మీద తెల్లగుడ్డ, గొలుసుకు కట్టిన గ్లాసు. బస్సు దిగినవాళ్ళు, పోస్టుమేన్, బడి వదిలాక పిల్లలు. అందరూ తాగి "దేవుడు లియొంతిన్‌ను క్షమించుగాక" అని వెళ్ళేవాళ్ళు. నేనూ ప్రతి మే నెలలో తద్దినానికి వచ్చి తాగాను. చల్లగా, తియ్యగా ఉండేవి, ఏ వాసనా లేదు. ఆ గ్లాసు చూసుకునే ఇన్నేళ్ళూ నిద్రపోయాను. నా సంతకం అబద్ధమైతే ఈ నీళ్ళు ఇలా ఉంటాయా అనుకునేదాన్ని. బహుశా పోయినేడు వరదలకు భూమిలో నీరు పైకి లేచి ఆ కంపునంతా ఇటు నెట్టి ఉంటుంది. అలా అని నాకు నేను చెప్పుకుంటున్నాను. కాని వాసన రాకముందే విషం వస్తుందని నాకు తెలుసు, అది నా చదువు.

ఇక మిగిలింది చెప్పాలి. తొంభై ఎనిమిదిలో ట్యాంకులు తీసినప్పుడు తవ్వకపు యంత్రం నడిపింది మన లియొంతిన్. ట్యాంకులు పైకి వచ్చాక, గొయ్యి తెరిచి ఉండగా అడుగు మట్టి తీసి పరీక్షకు పంపాలి. అదీ పద్ధతి. నేను వెళ్ళేసరికి గొయ్యి లేదు. ఏటి ఇసుకతో పూడ్చి, పైన చదును కూడా చేసేశాడు. మర్నాడు ఇల్యా పండగ. పండగ పొద్దున తెరిచిన గొయ్యి కనపడితే అది మనిషిని బలి అడుగుతుందని మీ ఊళ్ళో అంటారు కదా, వాడూ అదే అన్నాడు. "నా చేత్తో తవ్విన గొయ్యక్కా, పొద్దున్నే నోరు తెరుచుకుని చూస్తుంటే నేనెలా పడుకోను" అన్నాడు.

నేను నవ్వాను. ఆ ఇసుకలోకే మీటరు లోతు బోరు దింపి, ఆ ఇసుకనే సీసాలకెత్తాను. ఏట్లోంచి ముందురోజు తెచ్చిన ఇసుక శుభ్రంగా ఉండక ఏం చేస్తుంది? శుభ్రం అని రాసి సంతకం చేశాను. మరో పది నెలలకు గడ్డిబండి తిరగబడి వాడు పోయాడు. పూడ్చిన గొయ్యి కూడా మనిషిని అడుగుతుందని మీ ఊళ్ళో ఎవరికీ తెలియదు.

ఆ పైన నువ్వు వాడి పేరున బావి తవ్విస్తానన్నావు. "ఎక్కడ నీళ్ళు పడతాయో చెప్పు వదినా, చదువుకున్నదానివి" అన్నావు. పాదిరిగారు చర్చి పక్కన వాల్‌నట్ చెట్టు కింద తవ్వమన్నారు. అక్కడ రాయి తగులుతుందని నేనే కాదన్నాను. రబ్బరు బూట్లతో పల్లంలోకి నడిచి వెళ్ళి పుల్ల పాతింది నేనే. ఆ పుల్ల పాతినప్పుడు పైన పూడ్చిన గొయ్యి నాకు గుర్తు రాలేదనుకున్నావా? వచ్చింది. శుభ్రం అని కాగితం ఉంది కదా అనుకున్నాను. నా అబద్ధాన్ని మొట్టమొదట నమ్మింది నేనే సవేతా.

జవాబు రాయి. తిట్టు. ఏదో ఒకటి రాయి.

నీ వదిన,
ఒటిలియా


క్రాయోవా,
2006 మే 18

సవేతా,

తొమ్మిది రోజులైంది, నీ నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఫోన్ మోగి మోగి ఆగిపోతోంది. చేరిందో లేదోనని పోస్టాఫీసుకు ఫోన్ చేస్తే నీ చేతికే ఇచ్చామన్నారు. అంటే నువ్వు చదివావు. సరే.

ల్యాబు కాగితం వచ్చింది. అంకెలు నీకెందుకు. తాగే నీళ్ళలో ఉండకూడనిది ఉండకూడనంత ఉంది. ఇరవై అయిదో తారీఖు గురువారం నాడు మనుషులు వచ్చి బావి మీద సిమెంటు పలక పోస్తారు. శనివారం వాడి ఏడో ఏటి తద్దినం. ఏడో ఏటితో తద్దినాలు అయిపోతాయి కదా, ఇదే ఆఖరుది. ఏడేళ్ళూ ఆ నీళ్ళు పంచి, ఆఖరి తద్దినానికి రెండు రోజుల ముందు బావి నోరు మూస్తున్నాం. వారం ఆగమని అడిగాను. నువ్వే కదమ్మా ఈ రిపోర్టు రాసింది, ఆగమంటే ఎలా అన్నారు.

ఒక కాగితం మీద పేర్లు రాశాను. ఆ బల్ల దగ్గర తాగడం నేను చూసిన వాళ్ళ పేర్లు. నలభై ఒక్కటి వచ్చాయి. వాళ్ళలో ఎవరికి జబ్బు చేసింది, ఎవరు పోయారు అని గుర్తు చేసుకుంటూ ఒక్కొక్క పేరు దగ్గరా ఆగుతున్నాను. పోస్టుమేన్ భార్య పోయినేడు ఎందుకు పోయింది? నీకు తెలుసా? ఎవరైనా దగ్గితే చాలు ఆ కాగితం తీసి మళ్ళీ చూస్తున్నాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది నా బతుకు.

సోమవారం జంఫీర్ వచ్చాడు. అప్పుడు ట్రాక్టర్ స్టేషన్‌కు డైరెక్టరు, ఆ గొయ్యి కాగితాలు త్వరగా ముగించమని నా వెంటపడినవాడు. ముసలివాడైపోయాడు, చేతిలో ప్లమ్ సారా సీసా. కుర్చీలో కూలబడి, ఇద్దరం మునుగుతాం అమ్మాయీ అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి ఒక దారి చెప్పాడు. గొయ్యి చెప్పకుండా పూడ్చింది యంత్రం నడిపినవాడు కదా, ఆ మాటే రాయమన్నాడు.

"అబద్ధం రాయమనడం లేదే. పూడ్చింది వాడే. చచ్చినవాడికి ఉద్యోగం పోతుందా, జైలుకెళ్తాడా? బతికున్నవాళ్ళం మనం."

నేను వెళ్ళిపొమ్మనలేదు సవేతా. ఇదే నీకు చెప్పాలని కూచున్నాను. సీసా అక్కడే పెట్టి వెళ్ళాడు, నేను కాగితం తీసుకుని రాశాను. "యంత్ర చోదకుడు లియొంతిన్ నమూనాలు తీయకముందే ఎవరికీ తెలపకుండా గొయ్యి పూడ్చివేసినందున" అని రాశాను. నా చేత్తో. ఎంత అందంగా కుదిరిందో వాక్యం. ఒక పూటంతా ఆ కాగితం నా బల్ల మీద ఉంది. మధ్యాహ్నం అన్నం కూడా తిన్నాను దాని పక్కనే.

పోయిన ఉత్తరంలో నీకు కూడా సగమే చెప్పాను. ఆ రోజు వాడు గొయ్యి పూడ్చేశానని మాత్రమే అనలేదు. ఇసుకలో నేను బోరు దింపుతుంటే దగ్గరికొచ్చి టోపీ తీసి, చిన్నప్పుడు ఏదైనా పగలగొడితే ఎలా నిలబడేవాడో అలా నిలబడ్డాడు.

"అక్కా, అడుగున నల్లగా ఉంది. వాసన కూడా వచ్చింది. పండగ దాటనీ, మంగళవారం నేనే మళ్ళీ తవ్వి చూపిస్తా, డబ్బులేం అడగను."

అక్కర్లేదులే అన్నాను. నాకు బస్సు టైమైంది. జంఫీర్ వాకిట్లో గొర్రెపిల్లను కాలుస్తున్నారు, మంగళవారం నాకు మరో ఊళ్ళో పని ఉంది. అంతే కారణం. అంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండేదని ఎన్నిసార్లు వెతికానో. లంచం తీసుకున్నా కనీసం దొంగనని తిట్టుకునేదాన్ని. వాడు చెప్పాడు, నేను వినలేదు.

ఆ కాగితం చింపేశాను. కొత్తది రాశాను. గొయ్యి పూడ్చి ఉందని తెలిసే పూడ్చిన ఇసుకను పరీక్షకు పంపానని, అడుగున మట్టి చెడిందని యంత్రం నడిపినతను నాకు చెప్పాడని, మళ్ళీ తవ్వుతానన్నా నేనే వద్దన్నానని. కింద నా పూర్తి పేరు. నిన్న పొద్దున ఇచ్చేశాను. మధ్యాహ్నానికి నా బల్ల సొరుగులు ఖాళీ చెయ్యమన్నారు. కేసు కూడా పెడతారట. పెట్టనీ.

శనివారం రమ్మంటావా? నీ నోటితో రమ్మంటే వస్తాను. ఏడేళ్ళూ ఆ బల్ల దగ్గర నిలబడి తాగినదాన్ని, సిమెంటు పలక దగ్గర నీ మొహం ఎలా చూడను? చనిపోయినవాళ్ళకు అవతల దాహమవుతుందని, వాళ్ళ పేరున ఇక్కడ ఎవరైనా తాగితే వాళ్ళకు చేరుతుందని మీరంటే నేను లోపల నవ్వుకునేదాన్ని. ఇప్పుడు కళ్ళు మూస్తే వాడు టోపీ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు, నీళ్ళు అడగడం లేదు, నాకేసి చూస్తున్నాడంతే.

ఒటిలియా


స్తుపారి,
2006 మే 29

వదినకు,

నువ్వు రాలేదు. రమ్మనలేదు కాబట్టి రాలేదంటావు. తమ్ముడి తద్దినానికి పిలుపు కావాలా? గోధుమలు ఉడికించి చక్కెర చల్లి, రొట్టెలు కాల్చి, పాదిరిగారు వచ్చి దీపాలు పెట్టి, అందరూ తిన్నారు. నీ పళ్ళెం నీ గ్లాసు బల్ల మీద అలాగే ఉన్నాయి. సాయంత్రం తీసేశాను. నీ రెండు ఉత్తరాలూ నాలుగేసి సార్లు చదివాను. నాకు రాయడం అలవాటు లేదు, రెండు రోజులుగా కూడబలుక్కుంటున్నాను.

ముందు ఆ పేర్ల కాగితం చింపెయ్యి. మొదటి ఏడాది తప్ప వాళ్ళెవరూ ఆ బావి నీళ్ళు తాగలేదు. పోస్టుమేన్ భార్యకు గుండె జబ్బు, పెళ్ళికి ముందు నుంచీ ఉంది.

బావి తవ్విన మొదటి ఏడాది నీళ్ళు బాగానే ఉన్నాయి. వాసన లేదు. ఆ ఏడాది తాగినవాళ్ళ సంగతి నాకు తెలియదు, అది నువ్వే చెప్పాలి. రెండో వేసవిలో పొద్దున్నే మూత తీస్తే ట్రాక్టర్ కొట్టంలో వచ్చే వాసన వచ్చింది. ఆయన చొక్కాలకు వచ్చేదే, నేను పోల్చుకోలేనా? ఆ రోజే మూతకు తాళం వేశాను, పిల్లలు పడతారని చెప్పాను. నువ్వు ఉత్తరంలో చెప్పమన్నలాంటి అబద్ధం అయిదేళ్ళ కిందే చెప్పేశాను.

అప్పటినుంచీ బల్ల మీద పెట్టినవి, ఎప్పుడో పోయిన మరపట్టే ఆంగెల్ పేరున తవ్వించిన బావి నీళ్ళు. పొద్దున్నే ఎవరూ లేవకముందు కావడితో రెండు బకెట్లు, చలికాలం కూడా. నువ్వు ప్రతి మేలో తాగింది ఆ నీళ్ళే. గ్లాసెత్తి, "ఎంత తియ్యగా ఉన్నాయే సవేతా, మా తమ్ముడి మనసులా ఉన్నాయి" అనేదానివి. అన్నప్పుడల్లా నీ చెంప పగలగొట్టాలనిపించేది. ఎందుకంటే ఆ గొయ్యి సంగతి నాకు తెలుసు. ఇల్యా పండగ రోజు అన్నం ముందు కూచుని ఆయన చెప్పాడు, అడుగున నల్లగా ఉంది, అక్కకు చెప్పాను, వద్దంది అని. రెండు ముద్దలు తిని లేచాడు. అక్కకు తెలియదా నీకు తెలుసా అని నేనే కసిరాను. మంగళవారం తవ్వడానికి యంత్రం కూడా అడిగి పెట్టుకున్నాడు. ఆయన్ని వెళ్ళనివ్వనిది నేను.

ఇది నువ్వు రాసిన కాగితంలో లేదు. నీ దోషమంతా నీదేనని అంత పట్టుగా రాసుకున్నావు, నాకు కాస్త కూడా మిగల్చలేదు.

ఎవరికైనా చెబితే బావి మూసేస్తారని చెప్పలేదు. చెప్పకపోతే నీ కాగితం కూడా బయటపడదు. నీకోసమా ఆయన కోసమా అంటే రెండూ కలిసిపోయాయి. కోపం కూడా అందులోనే ఉంది. నువ్వే ఒకరోజు మూత తీసి చూసి చావాలని ఉండేది. అందుకే మొన్న తాళంచెవి అడగగానే ఇచ్చాను. లోపలికి వెళ్ళి కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను. నువ్వు సీసా పట్టుకుని నేల మీద కూలబడితే కోపం తీరుతుందనుకున్నాను, తీరలేదు.

ఇంకొకటి ఉంది. ఇది పాదిరిగారికి కూడా చెప్పలేదు. ఆంగెల్ బావి నీళ్ళు ఎవరు తాగినా ఆంగెల్‌కే చేరతాయి. ఆ బావి అతని పేరు మీద ఉంది. నేను మోసిన నీళ్ళన్నీ ఆంగెల్ దాహానికి పోయాయి, మన మనిషికి చుక్క అందలేదు. ఆయన బావిలోవి బతికున్నవాళ్ళెవరో ఒకరు తాగితేనే కదా ఆయనకు చేరేది. ఊళ్ళోవాళ్ళకు ఎలా పొయ్యను? అందుకని ప్రతి శనివారం పొద్దున తాళం తీసి ఒక్క గ్లాసు తోడుకుని నేను తాగాను. ముక్కు మూసుకుని తాగితే పెద్దగా తెలిసేది కాదు. అయిదేళ్ళు. ఒక్క శనివారం కూడా తప్పలేదు. సిమెంటు పోసేముందు కూడా ఒక గ్లాసు తోడి దాచి, తద్దినం నాడు తాగాను. అదే ఆఖరుది. ఇక లేదు.

నన్ను తిట్టొద్దు, నువ్వు తిట్టగల మనిషివి కాదిప్పుడు.

శీతాకాలం నుంచి ఒంట్లో బాగోలేదు. చెయ్యి ఎక్కడ తగిలినా నల్లగా కములుతోంది, చిగుళ్ళలో రక్తం వస్తోంది, కావడి ఎత్తితే కళ్ళు తిరుగుతున్నాయి. ఇక్కడి డాక్టరమ్మ రక్తం చూసి, మొహం ఎలాగో పెట్టి, క్రాయోవా పెద్దాసుపత్రికి వెళ్ళమంది. గురువారం పొద్దుటి బస్సుకు వస్తున్నాను. బస్టాండులో ఉండు. ఇప్పుడు ఉద్యోగం లేదు కదా, బస్సు టైమైందని పారిపోలేవు.

నువ్వేం తాగావు, ఎంత తాగావు అని వాళ్ళడుగుతారట. ఎంత తాగానో నేను చెప్పగలను. ఏం తాగానో నాకు పేర్లు తెలియవు. నువ్వు సీసాలో పట్టి పంపావు కదా, ఆ ల్యాబు కాగితం తీసుకురా. డాక్టరుకు నువ్వే చదివి వినిపించాలి, ఉన్నది ఉన్నట్టు.

సవేత